పురికొస ముడి

జగ్గయ్యపేటలో మా మామయ్యది కిరాణా కొట్టు. పొట్లానికి పురికొస బిగించి ఇస్తూ, "నా ముడి ఊడదండి," అనేవాడు మీసం మీద చెయ్యేసి.

నందిగామలో సైకిల్ తొక్కి, దిగి పరుగెత్తే పందెం పెట్టారు. మామయ్య పేరిచ్చాడు, చూడ్డానికి నేనూ వెళ్లాను. టైము చూసుకుంటూ తొక్కాలని కొత్త స్పోర్ట్స్ వాచీని హ్యాండిల్‌కి పురికొసతోనే కట్టాడు. సైకిల్ మీద అందరికంటే ముందొచ్చాడు. పరుగు కోసం వాచీ చేతికి పెట్టుకుందామంటే ముడి ఊడి రాలేదు. వదిలేసి పరుగెత్తొచ్చు కదా! పంతం కొద్దీ పళ్లతో లాగుతూనే ఉన్నాడు. వెనకవాళ్లంతా దాటిపోయారు.

"మీ ముడి ఊడదుగా అండీ!" అని మామయ్య కొట్లో సరుకులు కొనే ఆయనొకడు గుంపులోంచి అరిచాడు. అందరూ నవ్వారు. మామయ్య వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నాకు ఎటైనా పారిపోవాలనిపించింది.

మర్నాటినుంచి కొట్లో అన్నీ జారుముళ్లే.

"ఈ కొస లాగితే వచ్చేద్దండి," అనేవాడు, తలెత్తకుండా.