మామ ఇంగ్లీషు కారుకు నేను చేసిన బ్రేకు రిపేరు

మా మామను చేతులారా రైలు కింద పెట్టబోయి, ఇంకా ఆ ఇంట్లో అల్లుడి మాదిరి కూర్చోని అన్నం తింటాండానంటే అది ఆయప్ప మంచితనమే. ఏం జరిగిందో చెప్తా వినండి.

డెబ్బైల చివర్లో మాట. మా మామ యేసురత్నం ఆళ్ళగడ్డలో కాంపౌండరుగా చేసి రిటైరైనాడు. నాకు మేనమామ, పిల్లనిచ్చింది గూడ ఆయనే. ఆయన పనిచేసిన ఆస్పత్రిలో ఇంగ్లీషు డాక్టరు వాళ్ళ దేశం పోతా పోతా తన స్పోర్ట్స్ కారు మామకు ఇచ్చిపాయ. రెండే సీట్లు, టాపు లేదు, నడుమెత్తు గూడ ఉండదు. ముందద్దం బానెట్ మీదికి మడుచుకోవచ్చు, మామ గాలికని ఎప్పుడూ మడిచే పెడ్తాండె. చిన్న కూతురు సుగుణను పెండ్లినాడు ఆ కార్లోనే చర్చికి తీసకపోవాలని ఆయన ఆశ. కానీ బ్రేకు తొక్కితే పెడలు నేల దాకా పోతాంది.

నంద్యాలకు తీసకరా మామా, నేను చూస్తా అన్న్యా. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ను, బ్రేకు నాకొక లెక్కా అనుకున్యా. పాపం మామ గేర్లతోనే ఆపుకుంటా నిదానంగా నడుపుకోని వచ్చె.

విప్పి చూస్తే ఒక పైపు జాయింటు కాడ ఆయిలు కారతాంది. బిగించినా. బ్రేకు ఆయిలు కోసం ఊరంతా తిరిగినా, దొరకలే. పక్కింట్లో ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిలు ఉంటే, అదీ ఆయిలే ఇదీ ఆయిలే అని పోసినా. చక్రాల వెనక చిన్న నట్లు వదులు చేసి గాలి తీసినా. పెడలు రాయి మాదిరి గట్టిపడె. మామ తొక్కి చూసి, చదువంటే ఇదప్పా అని నా భుజం తట్టినాడు.

మర్సటి రోజు పొద్దున ఇద్దరం ఆళ్ళగడ్డకు బయల్దేరినాం, నేనే నడుపుతాండా. ఇంకో రెండ్రోజుల్లో పెండ్లి. కారు ఎందుకో ఈడ్చుకుంటా పోతాంది. కొత్తగా చేసిన బ్రేకు గదా, కొంచెం బిర్రుగా ఉంటాదిలే అని మామకు సర్ది చెప్పినా. మా వీధి దాటంగానే రైలు గేటు. పట్టాల మీద కుదుపుకు బ్రేకు కొంచెం తొక్కినా. పట్టుకున్న బ్రేకు మళ్ళా వదల్లే. కారు సరిగ్గా పట్టాల మీదనే నిలబడిపాయ.

అప్పుడే గేటుమ్యాన్ ఖాసీం గదిలో గంట మోగె. ఆయప్ప మమ్మల్ని చూడకనే రెండు పక్కలా గేట్లు దించినాడు. తీరా చూసి, ఎర్రజెండా పట్టుకోని పరిగెత్తుకుంటా వచ్చె. గూడ్సు బండి వస్తాందంట.

నేను దిగి, ఖాసీంతో కలిసి తోసినా. చక్రాలు నేలకు మేకులు కొట్టినట్టుండాయి. దూరంగా పొగ కనపడె. మామ దిగనంటాడు. దొర నమ్మి ఇచ్చిన కారును రైలుకు అప్పజెప్పి నేను దిగిపోతానా అంటాడు. నేను చెయ్యి పట్టి గుంజతాంటే, నా సీట్లోకి జరిగి స్టీరింగు కరుచుకోని కూర్చున్యాడు.

అప్పుడు తట్టింది నాకు. ఆ ట్రాక్టరు ఆయిలుకు లోపల రబ్బర్లు ఉబ్బినాయి. పోయిన ఆయిలు వెనక్కి రానీకి దోవ లేదు, అందుకే బ్రేకు తొక్కి పట్టినట్టే ఉండాది. స్పానరు తీసుకోని చక్రం కింద దూరి, గాలి తీసే నట్టు తిప్పినా. ఆయిలు ఎగజిమ్మి మొగం, చొక్కా అంతా పడె. చక్రాలు వదిలినాయి.

ఖాసీం ఒక చేత్తో జెండా ఊపుతా, ఇంకో చేత్తో తోస్తాండాడు. నేనూ బయటికొచ్చి వెనక నుంచి తోసినా. కారు ఒక్క దూకు దూకి పట్టాలు దాటె. నేను బోర్లా పడితిని. ఖాసీం నా కాలరు పట్టి వెనక్కి ఈడ్చె.

అవతల రోడ్డు వాలు. కారుకు ఇప్పుడు బ్రేకే లేదు, ఆయిలంతా నా మీదుంది. ఎదురుగా దించిన గేటు. అంతవరకే చూసినా, రైలు అడ్డం వచ్చె. జెండా చూసి డ్రైవరు నిదానం చేసినట్టుండాడు, పెట్టె వెనక పెట్టె తీరుబడిగా పోతాండాయి. సందుల్లోంచి వంగి చూస్తి. గేటు కనపడె. గేటుకు తగులుకోని మామ తలగుడ్డ కనపడె. మామ కనపడలే. పెండ్లింటికి పోయి నేనేం చెప్పాల? ఏం కాదులే సార్ అంటాండాడు ఖాసీం.

చివరి పెట్టె దాటంగానే పరిగెత్తినా. చదునులో కారు తనంతట అదే నిలబడి ఉండాది. మామ స్టీరింగు కిందికి ఒదిగిపోయి, కండ్లు మూసుకోని ప్రార్థన చేస్తాండాడు. కారు పొట్టిది గాబట్టి, ఆయన తల వంచంగానే గేటు కింద దూరి పోయింది. తలగుడ్డ ఒకటే చిక్కుకుంది.

మెల్లిగా కండ్లు తెరిచి నన్ను చూసినాడు.

"అల్లుడా, బతికినావా?"

"బతికినా మామా."

"అయితే ఇంక ఈ కారు జోలికి రావాకు."

కారును లారీకెక్కించి ఆళ్ళగడ్డ చేర్చినాం. బాగుచేసేకి టైము లేదు. మామ పట్టు వదల్లే, పెండ్లినాడు కారుకు ఎద్దుల్ని కట్టించినాడు. సుగుణ నవ్వుకుంటా అందులోనే చర్చికి బయల్దేరింది. ఎద్దులు ఆగితే కారు వాటి కాళ్ళ మీదికి పోకుండా చక్రం ముందర రాయి పెట్టే మనిషి కావాల. అందరూ నా పక్కే చూసిరి. సూటు, టై కట్టుకోని, చేతుల్లో బండరాయి మోసుకుంటా చర్చి దాకా నడిచినా.

వాకిట్లో పెండ్లికొడుకు నాయన మామను పక్కకు పిలిచి, ఆ రాయి పట్టుకున్న ఆయప్ప ఎవరని అడిగినాడు.

మామ తాపీగా చెప్పె. "మా పెద్దల్లుడు. కాలేజీలో లెక్చరరు. ఈ పొద్దుకు మాత్రం మా కారుకు బ్రేకు."