చక్రాలున్న వాకిలి

మా నడిపి చెల్లె పోయింది. వేకువన గుండెలో నొప్పి అన్నదట. దవాఖానకు చేరేసరికే అయిపోయింది. శ్రీరాంపూర్‌లో నేను దేవుని ముందు వత్తి సరిచేస్తుంటే ఫోను వచ్చింది. దీపం వెలిగించే లేచాను. వెలిగించకుండా లేస్తే ఆమెకు నచ్చేది కాదు. సగం పని ఆమెకు గిట్టదు.

ఆమెను తలచుకుంటే ఒక మామూలు పొద్దున గుర్తుకొస్తుంది. మొన్నటి ఎండాకాలం చివర, వానలకు ముందు. గోదావరిఖనిలో గని గేటు బయట, రోడ్డు పక్కన ఆమె డబ్బా. మొదటి షిఫ్టు వాళ్ళు తిని లోపలికి పోయారు. ఇడ్లీ గిన్నెలు కడిగి బోర్లించింది. పొయ్యి ఆర్పింది. చేతులు కొంగుకు తుడుచుకుని, "అక్కా, నీ కుంకుమ భరిణె జర ఇయ్యి" అన్నది.

డబ్బా అంటే చక్రాల మీద ఉండే తెల్లటి ఫైబర్ గది. జీపు వెనక తగిలించుకుని ఎటైనా లాక్కుపోవచ్చు. లోపల ఇద్దరు పడుకునే బల్ల, చిన్న అలమర, వంటగట్టు. బొగ్గు జాడ కోసం అడవుల్లో బోర్లు వేసే కాంట్రాక్టరు ఒకాయన తన మనుషులు పడుకోవడానికి చేయించుకున్నాడు. పాతబడ్డాక వదిలేస్తే మా చెల్లె కొన్నది. లోపలి బల్లలనూ అలమరనూ గోడకు పట్టి ఉంచేవి రివిట్లు. బయటినుంచి చూస్తే ఒక్కో రివిట్ తల మీద చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ టోపీ ఉంటుంది.

రివిట్ వదులైతే వాన నీళ్ళు అక్కడినుంచే లోపలికి కారతాయి. వదులైన రివిట్‌ను వెతకనక్కర్లేదు. టోపీ చుట్టూ నల్లటి వలయం కడుతుంది. మా గాలిలోనే బొగ్గుపొడి ఉంటుంది కదా, సందు దొరికితే తడితో కలిసి దిగుతుంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, బ్లాస్టింగ్ అయితే నేల అదురుతుంది. దానితోపాటు డబ్బా అదురుతుంది. ఏడాది తిరిగేసరికి కొన్ని వదులవుతాయి. బొగ్గు పక్కన కాపురమంటే అంతే.

నల్లటి వలయం కనబడ్డ ప్రతిచోటా చెల్లె తడి కుంకుమ చుక్క పెట్టింది. తెల్ల గోడ మీద ఎర్రగా అగుపిస్తుందని. వేలికి మిగిలింది తన నుదుట అద్దుకున్నది. రాత్రి షిఫ్టు దిగి ఆలస్యంగా వస్తున్న ఒక పెద్దాయన ఆ బొట్ల వరస చూసి, చెప్పులు విడిచి, డబ్బాకు చేతులు జోడించాడు.

"కాకా, గది బొట్టు గాదు. కారే జాగ" అన్నది చెల్లె.

"కారే జాగకే మొదలు మొక్కాలె బిడ్డా" అని ఆయన చాయ్ అడిగాడు. ఆర్పిన పొయ్యి ఆయన కోసం మళ్ళీ వెలిగింది.

తర్వాత పని మొదలు. కత్తి మొనతో పాత టోపీ లేపాలి. రివిట్ తల మీద డ్రిల్లు నిలువుగా ఆనించి, తల ఊడేంతవరకే తిప్పాలి. లోతుకు పోతే ఫైబర్‌లో రంధ్రం పెద్దదవుతుంది, ఇక ఏ రివిట్టూ నిలవదు. పాతది నెట్టేసి, చుట్టూ నలుపు తుడిచి, సిలికాన్ రాసి, కొత్తది దూర్చాలి. ఇది ఒక్కరితో అయ్యే పని కాదు. లోపలి వైపు ఒకరు కూర్చుని, తనవైపు పొడుచుకు వచ్చిన మొనకు వాషర్ తొడిగి పట్టుకోవాలి. వాషర్ లేకుండా బిగిస్తే రివిట్ మెత్తటి ఫైబర్‌ను కోసుకుని వస్తుంది. బయట ఆమె, లోపల నేను. ఆమె రివిట్ గన్ను పిడి నొక్కుతుంది. టప్పున కాడ తెగుతుంది. ఒక్కో రివిట్‌కు నేనొక నామం అనుకునేదాన్ని.

"అక్కా, నీ రాముణ్ణి జర జల్ది నడిపియ్యి. సిలికాన్ ఎండుతున్నది" అని గోడ అవతలినుంచి వినబడింది.

టోపీలు మాత్రం ఎవరినీ పెట్టనిచ్చేది కాదు. బొటనవేలితో నొక్కి, గోటితో గీకి చూసుకునేది. "నా తలమీద కొంగు లేకున్న నడుస్తది. దీని తలమీద టోపీ ఉండాలె" అనేది.

ఆ మాట ఊరికే అన్నది కాదు. ఆమె మొగుడు కాంట్రాక్టు కార్మికుడు. జబ్బు చేసి చిన్న వయసులోనే పోయాడు. బొట్టు తీసేయమన్నారు, ఆమె తీయలేదు. ఇంట్లో కూర్చోమన్నారు. ఆమె పోయి పోయి గని గేటు ముందు తోపుడు బండి పెట్టింది. భూమి లోపలికి దిగేవాళ్ళు పొద్దున ఎవరి మొహం చూశామా అని పట్టింపు పెట్టుకుంటారు. మొగుడు పోయిన ఆడది ఎదురైతే ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరతారు. మొదట్లో ఆమెను చూసి కొందరు రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోయారు. యూనియన్ మనిషి ఒకతను వచ్చి, బండిని కొంచెం పక్క సందులోకి జరుపుకోమని మంచిమాటగానే చెప్పాడు.

ఆమె జరపలేదు. "నా మొకం జూసి దిగినోళ్లు మల్ల పైకొచ్చి నా దగ్గరనే తింటున్నరు గద అన్నా. గంతకన్న మంచి శకునమేంది?" అన్నది. అతను నవ్వాడు. తర్వాత రోజూ అక్కడే తిన్నాడు.

డబ్బా వచ్చిన మొదటి వానాకాలం లోపలంతా కారింది. గని కంపెనీ క్వార్టర్లలో పెరిగిన వాళ్ళం మేము. కప్పు కారితే తారు పూయడమే మాకు తెలుసు. చెల్లె తారు డబ్బా తెచ్చి కప్పంతా పూసింది. వానలు గడిచాయి కూడా. తర్వాత మా ఎండలు వచ్చాయి. తారు కరిగి తెల్లటి గోడల మీద చారలు చారలుగా దిగింది. గనిలోనుంచి వచ్చిన మనిషి చెమట పట్టినట్టు నిలబడింది డబ్బా. తినడానికి వచ్చినవాళ్ళ చొక్కాలకు అంటింది. కొన్నాళ్ళు ఆమెకు తారు ఇడ్లీ అని పేరు కూడా పడింది. పిలిచిన వాళ్ళకు రెండో గరిటె చట్నీ వేసేది కాదు.

లారీ షెడ్డులో పనిచేసే, ఆమెను ఆపా అని అక్క వరసన పిలిచే భాయి చూసి, తారంతా గీకించి, నీళ్ళు కప్పు నుంచి రావడం లేదు ఆపా, రివిట్ల కాడినుంచి వస్తున్నయి అని చూపించాడు. తన గన్ను ఇచ్చాడు. మొదటి రోజు ఆమె డ్రిల్లు వంకరగా పెట్టి రెండు రంధ్రాలు చెడగొట్టింది. అవి పూడ్చిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాత ప్రతి ఏడూ వానలకు ముందు ఆ పని ఆమెదే. వాషర్ పట్టడానికి శ్రీరాంపూర్ నుంచి నేను బస్సెక్కి వచ్చేదాన్ని.

జాతరకు డబ్బాను భాయి జీపుకు కట్టించుకుని పోయేది. పగలు అమ్మి, రాత్రి తనూ బిడ్డా లోపల గొళ్ళెం పెట్టుకుని పడుకునేవారు. "నా ఇంటికి చక్రాలున్నయి. నన్నెవలు లెమ్మంటరు?" అనేది. మేము పుట్టిన ఊరు ఓపెన్‌కాస్టులో కలిసిపోయింది. నాయిన రిటైర్ అయినాక క్వార్టర్ అప్పజెప్పాం. ఆమె ఉన్నది కిరాయి ఇల్లు. అందుకే ఆ మాట అనేటప్పుడు నవ్వేది కాదు.

కిరాయి ఇంటి సంగతి మా వైపు వాళ్ళకు తెలుసు. కిరాయికున్న వాళ్ళు చనిపోతే ఇంటికి తేనివ్వరు. ఇంటికి కీడు అంటారు. మొన్నటేడు, అంతకుముందున్న ఇంట్లో, ఆమె పక్క పోర్షన్‌లోని ముసలాయన పోతే ఆయన్ను దవాఖాన బండిలోనే ఉంచి, బండిని రోడ్డు మీద ఆపారు. ఆయన భార్య డ్రైవరు కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. స్నానం చేయించడానికి చాటు లేకపోతే నలుగురు చీరలు అడ్డం పట్టారు. అందులో ఒక చీర మా చెల్లెది. ఆ సాయంత్రం నాకు ఫోను చేసి, "అక్కా, నేను పోతే ఎవల వాకిట్ల జాగ అడుగకుండ్రి. నా డబ్బ ముందట పండవెట్టుండ్రి" అన్నది. శుభమా అని ఆ మాటలేమిటన్నాను. శుభానికైతే అందరూ జాగ ఇస్తరు గద అన్నది.

ఆ రోజు వచ్చింది. దవాఖాన బండి సందు మొదట్లోకి రాగానే ఇల్లు కిరాయికిచ్చిన ఇంటాయన గేటు దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. కొత్త ఇల్లమ్మా, ఏడాది గూడ కాలే, లోపలికి తేవద్దు అన్నాడు. మా తమ్ముడు గొంతు పెంచాడు. నేను తమ్ముని భుజం మీద చెయ్యి వేశాను. ఇంటాయన మీద నాకు కోపం రాలేదు. ఆయన భయం ఆయనది. అయినా తలవంచి వెనక్కి తిరగాలని కూడా అనిపించలేదు. శ్రీరాంపూర్‌లోని మా క్వార్టర్‌కు తీసుకుపోదామా అని చెల్లె బిడ్డను అడిగాను. చదువు అయినప్పటి నుంచి తల్లితో పాటు ఆ పొయ్యి దగ్గర నిలబడ్డ పిల్ల. వద్దు పెద్దమ్మా, అమ్మ తన జాగల నుంచే పోవాలె అన్నది.

ఇంటాయనతో, "లోపలికి తేము. మీ గేటు ముందటి జాగ సర్కారుది. ఆడ పెడ్తం" అన్నాను.

భాయి జీపుకు డబ్బా తగిలించుకుని వచ్చాడు. ఆ ఇరుకు సందులోకి వెనక్కి నడిపించి, సరిగ్గా గేటుకు ఎదురుగా నిలిపాడు. చక్రాలకు రాళ్ళు పెట్టాడు. లోపల గొళ్ళెం వేసుకుని మేము ఆడవాళ్ళం ఆమెకు స్నానం చేయించాం. ఎవరి చీరా అడ్డం పట్టనక్కర్లేకపోయింది. డబ్బా ముందు పరదా దించి, ఆ నీడన నేల మీద పండబెట్టి, తల దగ్గర దీపం పెట్టాం. సందులో కిరాయికున్న ప్రతి పోర్షన్ నుంచి బిందెడు నీళ్ళు వచ్చాయి. గని నుంచి మొదటి షిఫ్టు వాళ్ళు దిగిన బట్టల్లోనే వచ్చారు. ఇంటాయన తల్లి గేటు తీసుకుని వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నది. కొడుకు పిలిచాడు. ఆమె లేవలేదు.

వాన పడింది. డబ్బాలో ఒకచోట మాత్రం కారింది, అలమర వెనక, మేము చూడని రివిట్. బిడ్డ దాని కింద గ్లాసు పెట్టింది.

అది ఒక రోజు గౌరవం. బతుకు సంగతి పెద్దకర్మ నాటి సాయంత్రం వచ్చింది. భోజనాలైనాక మేము నలుగురం కూర్చున్నాం, నేను, తమ్ముడు, చెల్లె బిడ్డ, భాయి. డబ్బా పోతే ఆ పిల్లకు పనీ పోతుంది, ఇల్లూ పోతుంది. ఇంటాయన పోర్షన్ ఖాళీ చేయమని అప్పటికే కబురు పెట్టాడు. తమ్ముడు చెడ్డవాడు కాదు. మందమర్రిలో డబ్బాను కొనేవాళ్ళను చూసి వచ్చాడు. శవాన్ని కడిగిన డబ్బా అని ఊరంతా చూసింది, అసలే శకునాలు చూసే మనుషులు అని నచ్చజెప్పాడు.

"ఆ డబ్బల ఇడ్లీ ఇగ ఎవలు తింటరు పెద్దక్కా? నువ్వే చెప్పు" అన్నాడు.

నేను చెప్పేలోపే బిడ్డ అన్నది. "గనిల మనిషి పోతే తెల్లారి దిగుతలేరా మామా? అదే గనిల, అదే జాగల దిగుతరు గద. గక్కడ లేని మైల అమ్మ డబ్బకు ఎట్లొచ్చె?"

తమ్ముడు గని మనిషే. తనూ అట్లా దిగినవాడే.

తర్వాత మేము అనుకున్నది ఇది. డబ్బాను అమ్మం. రేపు మొదటి షిఫ్టుకు గని గేటు ముందు అదే జాగలో తెరుస్తాం. తినేవాళ్ళు తింటారు. తిననివాళ్ళు వచ్చేదాకా పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. ఇంకో పోర్షన్ దొరికేదాకా బిడ్డ, నేను డబ్బాలోనే పడుకుంటాం. ఇకమీద ఈ సందుల్లో కిరాయికున్న వాళ్ళు ఎవరు పోయినా, ఏ ఇంటాయన గేటు వేసుకున్నా, ఆ రోజు ఇడ్లీలు బంద్. డబ్బా ఆ గేటు ముందుకు పోతుంది. కులం అడగం. మతం అడగం. జీపు సంగతి నాదని భాయి అన్నాడు. పని అయినాక పసుపు నీళ్ళతో కడిగి మళ్ళీ తెరుస్తాం. ఇది దాచిపెట్టి చేయం. అడిగిన వాళ్ళందరికీ చెప్పే చేస్తాం. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తమ్ముడు బయటికి పోయి మందమర్రి వాళ్ళకు ఫోను చేశాడు. అమ్ముతలేం అని చెప్పడం మాకు వినబడింది. కారణం అడిగినట్టున్నారు. మా అక్కది, అమ్మేది గాదు అన్నాడు.

బిడ్డ లేచి రేపటి ఇడ్లీలకు పెద్ద గిన్నెలో మినపపప్పు పోసింది. మూడుసార్లు కడిగి, నిండా నీళ్ళు పట్టి, మూత పెట్టకుండా కాసేపు అట్లే చూస్తూ నిలబడ్డది. పప్పు తెల్లగా అడుగుకు దిగింది.