కార్డులో రాయని నీళ్ళు

ఎనభై నాలుగో సంవత్సరం డైరీలో ఒక పేజీకి మధ్యలో మడత గీత ఉంది. ఆ పేజీ మా ఆవిడ కంట పడకూడదని మడిచాను. ఆమె నా డైరీలు ముట్టుకోదని తెలిసీ మడిచాను.

అప్పుడు మేము అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నేను కార్ల కంపెనీలో ఇంజనీరుని. ఆఫీసు పని మీద రెండు వారాలు జపాన్ వెళ్తూ మా ఆవిడని కూడా తీసుకెళ్ళాను. ఆమె పుట్టి బుద్ధెరిగి నీసు ముట్టలేదు. అక్కడ బ్రెడ్డు కొనాలన్నా పాకెట్ మీద అక్షరాలన్నీ చదివేది. అందుకని మా ఆఫీసుకి వచ్చిన ఒక జపాన్ ఇంజనీరు చేత ముందుగానే కార్డు రాయించాను: మాంసం, చేపలు, గుడ్లు తినము. ఒక కాపీ పర్సులో, ఒకటి పాస్‌పోర్టులో పెట్టుకున్నాను.

క్యోటోలో దిగిన చిన్న సత్రంలో యజమానురాలు ఆ కార్డు చదివి, తల వంచి, అన్నం, ఊరగాయ ముక్కలు, మూత గిన్నెలో సోయా ముద్ద కలిపిన సూప్ పెట్టింది. మా ఆవిడ మొదటి గుక్కకే, "మన చారుకి చెల్లెలండీ ఇది" అంది. నాలుగు రోజులు రెండు పూటలా అడిగి పోయించుకుంది.

ఐదో రోజు ఒక గుడికి వెళ్ళాం. చల్లటి చెక్క నేల మీద మేజోళ్ళతో నడిచాం. బుద్ధుడి చుట్టూ తిరగడానికి దారి లేక, ఆమె నిలబడ్డచోటే ఆత్మప్రదక్షిణ చేసింది. వెనక ఉన్న జపాన్ ముసలాయన ఒక క్షణం ఆలోచించి, తనూ ఒక చుట్టు తిరిగాడు.

భోజనం ఆ గుడిలోనే. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, వంట చూసే సన్యాసి నా కార్డు చదివి, "మరి చేప మరిగిన నీళ్ళో?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. బయట ఏ సూప్ అయినా ఎండుచేపల తురుము మరిగించిన నీళ్ళతోనే చేస్తారట. గుడిలో మాత్రం సముద్రపు నాచు, పుట్టగొడుగులు వాడతారట. ముక్కలు వద్దని రాయించాను గానీ నీళ్ళ సంగతి నాకు తట్టలేదు. ఆమె వచ్చి, గుడి సూప్ తాగి, "సత్రందే బాగుంది" అంది. సన్యాసి మాట ఆమెకి చెప్పకుండా, ఆ రాత్రి డైరీలో రాసి ఆ పేజీ మడిచాను. మిగిలిన రోజులు, సత్రం సూప్ నాకు పడడం లేదని చెప్పి ఆమె చేత కూడా మాన్పించాను.

తిరిగొచ్చిన మూడు వారాలకి, జపాన్ స్లైడ్లు చూపిస్తామని నాలుగు తెలుగు కుటుంబాలని పిలిచాం. వాళ్ళలో ఒకరి తల్లిని అందరం మామ్మగారనేవాళ్ళం. ఆవిడ ఉల్లిపాయ కూడా తినరు. బేస్‌మెంట్‌లో ప్రొజెక్టర్ సర్ది పైకి వస్తే, వంటింట్లో సత్రం వాసన.

"జపాన్ కొట్టులో ఆ సూప్ పాకెట్ దొరికిందండీ" అంది మా ఆవిడ. " మామ్మగారికీ పోద్దామని. ఉల్లి లేదుగా."

ఆ పాకెట్ మీద చదవడానికి ఇంగ్లీషు ముక్క లేదు.

"పొయ్యకు. అందులో చేప నీళ్ళు ఉంటాయి. అక్కడ నువ్వు తాగినదాంట్లోనూ ఉన్నాయి."

గరిటె ఆగింది. "మీకెప్పుడు తెలిసింది?"

"గుడికెళ్ళిన రోజు."

ఆమె గిన్నె సింకులో వంచేసి, చింతపండు నానబెట్టింది. నా వైపు చూడలేదు.

బేస్‌మెంట్‌లో అందరూ చూస్తుండగా సత్రం స్లైడు రాగానే నేను గబగబా తరవాతది నొక్కబోయాను.

"ఆపండి" అంది. "ఇక్కడ నాలుగు రోజులు చేప నీళ్ళు తాగాను మామ్మగారూ. నాకు తెలీదు. ఈయన తెలిసీ చెప్పలేదు. ఇవాళ మీకూ పోస్తానంటే అప్పుడు నోరు విప్పారు."

"డ్రాయింగ్‌లో ఒక డైమెన్షన్ మిస్ అయితే ఇంతే గురూగారూ" అన్నాడు ఒక మిత్రుడు. ఎవరూ నవ్వలేదు.

"నువ్వు తెలియక తాగావు, నీకేం దోషం లేదమ్మా" అన్నారు మామ్మగారు. "శనివారం మీ ఆయన్ని ఒక్కపొద్దు ఉంచు. తాగినందుకు కాదు, దాచినందుకు. కాఫీ కూడా ఇవ్వకు."

అప్పుడు నవ్వారు అందరూ. మా ఆవిడ కూడా, కొంచెం.

ఆ వారం ఆ కొట్టులోనే సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు, సోయా ముద్ద కొన్నాను. పాకెట్ల మీది ప్రతి మాటా జపాన్ ఇంజనీరు చేత చదివించి, తెలుగులో రాసి అంటించాను. శనివారం కాఫీ లేక తల పగిలిపోయింది. సాయంత్రం ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఆ చీటీలు రెండుసార్లు చదివింది. తరవాతే పొయ్యి వెలిగించింది. రెండు గిన్నెల్లో పోసి, నా ఎదురుగా కూర్చుని ఒక గుక్క తాగింది.

"ఏమైనా సత్రందే బాగుందండీ" అంది.