సాల్మన్ గారి అరగంట

నవంబరులో షాపు షట్టర్ ఎత్తగానే టూ-స్ట్రోక్ ఆయిల్ కాలిన వాసన వస్తుంది. వేసవి అంతా తలుపులు తెరిచి ఉంచినా అది గోడలను వదిలిపోదు. ఆ వాసనకు నాకు ముందు సాల్మన్ గారి కుడి భుజం గుర్తొస్తుంది. తరువాతే ఆయన ముఖం.

నేను కెనడాలోని సడ్బరీ వచ్చిన ఏడాది కాలేజీలో ఏ మూల నిలబడ్డా తెలుగు వినపడేది. అందరం పార్ట్‌టైమ్ ఉద్యోగాలకే తిరిగేవాళ్లం. ఊరి చివర మంచు మీద నడిపే స్నోమొబైళ్లు బాగుచేసే ఈ షాపులో సాల్మన్ గారనే హెడ్ మెకానిక్‌ది నరసాపురమని రూమ్మేట్ చెబితే వచ్చాను. ఆయన నా రెజ్యూమే చూడలేదు. ఒక బండి చూపించి స్టార్టర్ తాడు లాగమన్నారు. రెండోసారికి ఇంజన్ అందుకుంది.

"ఏ ఊరమ్మాయ్?"

"జనగామ, అంకుల్."

"అన్నం బానే తిన్నావు," అన్నారు. అదే నా ఇంటర్వ్యూ.

కొన్ని కొత్త బండ్లలో స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఉండదు, కాసేపు మాత్రమే కరెంటు దాచుకునే కెపాసిటర్ ఉంటుంది. రోజులో మొదటిసారి తాడు లాగాల్సిందే. ఇంజన్ తిరుగుతుంటే కెపాసిటర్ ఛార్జ్ అవుతుంది. ఆపాక అరగంట దాకా బటన్ నొక్కితే చాలు. అది దాటితే మళ్లీ తాడే. ఇదంతా నేర్పిన నెలలోనే తన భుజం సంగతి కూడా ఆయన నాకు చెప్పవలసి వచ్చింది. ఆ చెయ్యి తాడు లాగే స్థితిలో లేదు. షాపులో పద్ధతేమో, కస్టమర్ ముందు హెడ్ మెకానికే బండి స్టార్ట్ చేసి అప్పగించాలి.

అందుకని కస్టమర్ వచ్చే ముందు నేను తాడు లాగి ఇంజన్ కాసేపు తిప్పి ఆపేదాన్ని. షాపు యజమాని చూస్తుండగా ఆయన బటన్ నొక్కేవారు. "చెయ్యి నీది, నోరు నాది. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్," అని నవ్వేవారు. యజమానికి చెప్పేస్తే పోదా అని ఒకసారి అడిగాను. ఆయన రెంచ్ తుడిచి పక్కన పెట్టారు. "మీ ఆంటీ పోయింది. ఇది కూడా పోతే పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లాలమ్మా?" అన్నారు.

జనవరిలో ఒక రిటైరైన టీచరమ్మ తన బండి కోసం వచ్చింది. బ్యాటరీ లేకుండా ఎలా స్టార్ట్ అవుతుందని అడిగింది. ప్రశ్నకు సగం జవాబు చెప్పి ఊరుకోవడం ఆయనకు చేతకాదు. కెపాసిటర్ ఎలా ఛార్జ్ అవుతుందో, అది ఎందుకు ఎక్కువసేపు నిలవదో ఓపిగ్గా చెప్పారు. నేను తాడు లాగి ఆపి అప్పటికే అరగంట కావస్తోంది; గడియారం చూసి దగ్గాను. ఆయన నా వైపు చూశారు కూడా. అంతలో ఆమె ఇంకో ప్రశ్న వేసింది. దానికీ జవాబు చెప్పి అప్పుడు బటన్ నొక్కారు. ఇంజన్ తిరగలేదు.

నేను ముందుకు వెళ్లబోతే ఎడమ చేత్తో ఆపారు. "ఉండమ్మా. నేను చూస్తాను."

తాడు సగం వచ్చి వెనక్కి జారిపోయింది. మళ్లీ లాగారు. ఈసారి ఆయన గొంతులోంచి మూలుగు వచ్చింది. యజమాని వచ్చి ఆయన వేళ్లను పిడి మీది నుంచి మెల్లగా విడిపించాడు. కోప్పడలేదు. తానే లాగి స్టార్ట్ చేసి ఆమెను పంపించాడు.

ఆ వారం చివర షాపులో ఆయన వీడ్కోలు కేక్ కోశారు. ఆయన విండ్సర్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే మొదట్లో బండ్ల గురించి అడిగేవారు, తరువాత అదీ మానేశారు. చివరిసారి, పొద్దున్నే లేస్తున్నారా అంకుల్ అని అడిగాను. "లేచి ఏం చెయ్యనమ్మా," అన్నారు. మరుసటి చలికాలం పోయారు. గుండెపోటని కొడుకు చెప్పాడు.

ఇప్పుడు ఆ ఉద్యోగం నాది. నా భుజాలు బాగానే ఉన్నాయి. నా కోసం బండి ముందుగా స్టార్ట్ చేసి పెట్టాల్సిన పని లేదు. అయినా పొద్దున్నే వచ్చి, అప్పగించాల్సిన మొదటి బండికి తాడు లాగి, ఇంజన్ కాసేపు తిప్పి ఆపేస్తాను. కాఫీ తాగుతూ పక్కనే కూర్చుంటాను. సాల్మన్ గారి అరగంట అలా దాటిపోతుంది. కస్టమర్ వచ్చాక లేచి మళ్లీ తాడు లాగుతాను.