మా వదిన వేసిన ఆఖరి శుభలేఖ

అన్నయ్య ఫోన్ చేసేటప్పటికి నేను టెక్కలిలో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ తలుపులు తీస్తున్నాను. "మీ వదిన ఎలిపోనాదిరా" అన్నాడు. ఆవిడ పలాసలో డయాలసిస్‌కి తిరగడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. ఈ కబురు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని మాకు తెలుసు. తీసిన తలుపులకు మళ్లీ తాళం వేసి బయలుదేరాను. పలాసలో బస్సు మారి మందస చేరేసరికి వాకిట్లో జనం. వాళ్లలో సగం మంది ఇళ్లలో పెళ్లిళ్లకు కార్డులు మా వదిన వేసినవే.

ఆవిడ ఇంటి ముందు గదిలోనే కంప్యూటరు పెట్టుకుని డీటీపీ చేసేది. పెళ్లికాక ముందు పలాసలో ఒక ప్రెస్సులో నేర్చుకున్న పని అది. ఉద్దానం ఊళ్లలో జీడితోటల వాళ్లూ, కొబ్బరితోటల వాళ్లూ, తీరంలో చేపల వేటకు వెళ్లేవాళ్లూ చిన్న కాగితం మీద పేర్లు రాసుకుని వచ్చేవారు. ఆ కాగితం చూడగానే వదిన అడిగే మొదటి ప్రశ్న, "పిల్ల మేనమావ పేరేదీ?" అని. చాలాసార్లు అది మర్చిపోయే వచ్చేవారు. "అచ్చరం తప్పయితే పెళ్లేటి ఆగదు గానీ, ముసిలోళ్లు బతికున్నన్నాళ్లూ అదే సెప్పుకుంటారు" అనేది. అందుకని కార్డు ప్రెస్సుకు పంపేముందు వచ్చినవాళ్ల చేత పైకి చదివించేది. చదువు రానివాళ్లకు తనే చదివి వినిపించేది.

జబ్బు పడ్డాక పని తగ్గింది గానీ మానలేదు. డాక్టర్లు నీళ్లు కొలిచి తాగమన్నారు కనక కీబోర్డు పక్కన చిన్న స్టీలు గ్లాసు ఉండేది. దాహం వేస్తే పెదవులు తడుపుకుని, మళ్లీ టైపు చేసేది. అలాంటి రోజుల్లోనే ఆ కంప్యూటరు ఆగిపోయింది. కరెంటు పోయి వచ్చింది, మళ్లీ పోయింది, ఆ తర్వాత తెర మీద తెల్ల గీత ఒకటి మిణుకుమిణుకుమనడం తప్ప ఇంకేమీ లేదు. పలాసలో రిపేరు షాపతను దాన్ని విప్పి కూడా చూడలేదు. ఇంత పాతది బాగుచేసేవాళ్లు లేరు, కొత్తది కొనుక్కోమన్నాడు.

నేనూ అదే అన్నాను. ల్యాప్‌టాప్ ఒకటి పట్టుకెళ్లి ఇచ్చాను. నా పెన్‌డ్రైవులో ఎప్పుడో ఉండిపోయిన ఆవిడ పాత కార్డు ఒకటి అందులో తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు కొక్కేలూ, చుక్కలూ, ఇంగ్లీషు ముక్కలూ వచ్చాయి. ఆవిడ వాడిన అక్షరాలు పాత విండోస్ ఎక్స్‌పీలో తప్ప పలకవు. కొత్తగా వేసుకోవచ్చు కదా వదినా అంటే, తల అడ్డంగా ఊపింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

డయాలసిస్‌లో ఆవిడ పక్క మంచం మీద తీరం నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉండేవాడు. ఒకప్పుడు వేటకు వెళ్లిన మనిషి, ఇప్పుడు పడవ ఎక్కలేడు. ఆయన పెద్దకూతురి శుభలేఖ వదినే వేసింది. ఆనాడు ఆయన భార్య వదిన పక్కనే కూర్చుని, కార్డు మీద ఏనుగుల బొమ్మలు వద్దు, పడవ వెయ్యమ్మా అని అడిగి గీయించుకుందట. తర్వాత ఆవిడా ఇదే జబ్బుతో పోయింది. ఇప్పుడు చిన్నకూతురి పెళ్లి. ఆ పిల్ల అమ్మ అడిగి వేయించిన కార్డే కావాలంటోంది. దాచుకున్న కార్డు తుపానుకు తడిసి పాడైపోయింది.

"నానేస్తానని మాటిచ్చీసినాను బాబూ" అంది వదిన. "మళ్లీ గీద్దారంటే నా సెయ్యి అలగ రాదు ఇప్పుడు."

ఆదివారం ల్యాబులోని పాత బీరువా వెతికి రెండు ఎక్స్‌పీ సీడీలు పట్టుకుని మందస వెళ్లాను. రెండు బస్సులెక్కి వెళ్లేసరికే నాకు నీరసంగా ఉంది. ఆగిపోయిన కంప్యూటరు సీడీ ట్రే బయటికి రాకపోతే పిన్నీసు సాగదీసి గుచ్చి లాగాను. మొదటి సీడీ సగం దాకా నడిచి, ఫైలు దొరకలేదంటూ ఆగిపోయింది. తుడిచి మళ్లీ పెడితే మళ్లీ అక్కడే. రెండోది పెట్టాను. నీలం తెర మీద డిస్కులోని రెండు భాగాలు కనిపించాయి. పైది చెరిపి ఎక్స్‌పీ వేయాలి, అందులో ఏమున్నా పోతుంది. ముందు కాపీ తీసి ఉంచుదామంటే అంత పాత డిస్కుకు తగిలించే తీగ నా దగ్గర లేదు.

"నీ కార్డులన్నీ కిందదాంట్లోనే కదా వదినా?" అని అడిగాను.

చాప మీద పడుకున్న మనిషి లేచి వచ్చి కుర్చీ పట్టుకుని నిలబడింది. చాలాసేపు చూసింది. "కిందదాంట్లోనే అనుకుంటన్నాను. ఈమధ్య నాకేటీ గుర్తుండట్లేదు" అంది. నేను చెయ్యి వెనక్కి తీశాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "నొక్కీ. సూత్తూ కూకుంటే మాత్రం తెలుత్తాదేటి" అంది.

నొక్కాను. పసుపు గీత మెల్లగా పాకడం మొదలైంది. ఆవిడ మళ్లీ వెళ్లి పడుకుంది. అన్నయ్య తోట నుంచి వచ్చి, అన్నం తిని, మళ్లీ వెళ్లాడు. యంత్రం ఆగి, తిరిగి లేచి, ఏవేవో అడిగింది. చివరికి తెర మీద ఎక్స్‌పీ తాలూకు ఆ పచ్చటి గుట్ట, నీలి ఆకాశం వచ్చాయి. రెండో భాగం తెరిచాను. ఊరి పేరుతో ఒక్కో ఫోల్డరు, అన్నీ అలాగే ఉన్నాయి. అక్షరాల సాఫ్ట్‌వేరు కూడా అందులోనే దాచుకుంది. వదిన కొంగుతో మొహం తుడుచుకుని, నన్ను లేవమని కుర్చీలో కూర్చుంది.

కార్డు తెరుచుకుంది. మూలన చిన్న పడవ, తెరచాప కాస్త వంకర. పెళ్లికూతురి పేరు, వరుడి పేరు, ముహూర్తం మార్చింది. మేనమామల పేర్లు సరిచూసింది. ఆహ్వానించేవారి దగ్గరకొచ్చి ఆగింది. పెద్దాయన పేరు పక్కన ఆయన భార్య పేరు ఉంది. దాని ముందు కర్సరు పెట్టి అలా కూర్చుండిపోయింది.

"నీరసంగా ఉంటే నేను కొడతాను" అన్నాను.

"ఇది ఆవిడి పక్కన కూకుని ఏసిన కార్డు బాబూ" అంది. తర్వాత 'కీ.శే.' అని తనే కొట్టింది. కొట్టాక కళ్లు మూసుకుని కార్డంతా పైకి చదివింది, ఎదురుగా ఎవరో వింటున్నట్టు.

ప్రెస్సు నుంచి కార్డులు నేనే తీసుకుని వాళ్ల డయాలసిస్ రోజున పలాస ఆసుపత్రికి వెళ్లాను. పెద్దాయన పడుకునే ఒకటి అందుకుని చాలాసేపు చూశాడు. "అలగే ఉన్నాది తల్లీ" అన్నాడు. మా వదిన నవ్వింది. ఆ రోజుల్లో ఆవిడ నవ్వడం నేను చూసింది అదొక్కసారే. పెళ్లి బాగా జరిగిందని తర్వాత తెలిసింది. ఆవిడ వెళ్లలేకపోయింది. ఆ కార్డు తర్వాత ఇంకొకటి వేయలేదు.

కార్డులు ఇచ్చిన ఆ సాయంత్రం పలాస బస్ కాంప్లెక్సులో ఆవిడను మందస బస్సు ఎక్కించాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఊరంతా కాలిన జీడితొక్కల వాసన. ఏదో చెబుదామని కిటికీ దగ్గరకు వెళ్లేసరికి ఊచకు తల ఆనించి అప్పటికే నిద్రపోయింది. డయాలసిస్ సూదులు గుచ్చిన చోట కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో ఉంది. కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ ఆవిడ సీటు దాకా వచ్చాడు, ఒక్క క్షణం నిలబడి చూశాడు, లేపకుండా వెనక సీటుకు వెళ్లిపోయాడు.