కొరివి దయ్యం ఎడమకాలి చెప్పు

ఒక చిన్న టార్చిలైటు కొనడంలో ప్రమాదం ఏముంటుందని మీరనుకోవచ్చు. నా కథ విన్నాక అనుకోరు. వేలెడంత టార్చి కొని నేను చెరకు రైలును రెండుసార్లు ఆపాను. ఒక ఊరు ఊరంతా సాయంత్రమయ్యేసరికి తలుపులు బిగించుకునేలా చేశాను. చివరికి సొంత పెద్దనాన్న చేతిలో చావబోయాను. ముప్పై ఏళ్ళుగా ఈ నేరమంతా ఒక దయ్యం మీద ఉంది. దయ్యానికైనా న్యాయం జరగాలి కదా. అందుకే రాస్తున్నాను.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే నేనూ పుట్టాను. దేశానికి ధైర్యం వచ్చింది గానీ అందులో నా వంతు నాకు అందలేదు. అవతలి దీవిలో, డ్రెకేటిలో వరి పండించే మా నాన్న, నాకు లౌటోకా రేవు దగ్గర గుమాస్తా ఉద్యోగం దొరికిందని తెలిసి, నన్ను పడవలో తీసుకొచ్చి తన అన్న చేతిలో పెట్టాడు.

"అన్నా, వీడికేమన్నా అయితే నిన్నే అడుగుతాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పెద్దనాన్న మాత్రం నవ్వలేదు.

పెద్దనాన్న చెరకు రైలు ఇంజను నడిపేవాడు. పొలాల్లో నరికిన చెరకును సన్న పట్టాల మీద మిల్లుకి లాక్కెళ్ళే రైలు అది. ఏళ్ళ తరబడి ఇంజను తుడిచి, నూనె పోసి, చివరికి సంపాదించిన సీటు. "పెళ్ళాన్నైనా ఇడుస్తాడు గానీ ఆ సీటు ఇడవడు" అనేది అవ్వ, అంటే ఆయన తల్లి, మా నాయనమ్మ.

నా కష్టమంతా బస్సు దిగాక మొదలయ్యేది. పెద్ద రోడ్డు నుంచి ఇంటికి మైలు దూరం, ఆ రైలు పట్టాల వెంటే నడవాలి. చెరకు కోతల కాలంలో ఆరింటికే చీకటి పడుతుంది. రెండు వైపులా మనిషి కంటే ఎత్తు చెరకు. గాలి లేకపోయినా అందులో ఏదో కదులుతూనే ఉంటుంది. దానికి తోడు మా అవ్వ. తన తల్లిదండ్రులు ఓడలో తెచ్చుకున్న తెలుగులో సగం ఆమె మరిచిపోయింది గానీ, దయ్యాలకు సంబంధించిన మాట ఒక్కటి కూడా పోగొట్టుకోలేదు.

"కొరివి దయ్యం ఉంటాది నారిగా. చేత్తో నిప్పు పట్టుకోని తిరుగుతాది. కాళ్ళు ఎనక్కి ఉంటాయి. పిలిస్తే పలక్కు."

అంతే. మర్నాడే టార్చి కోసం లౌటోకాలో ఒక దుకాణానికి వెళ్ళాను.

"కైసా మాంగ్తా, భైయా? ఎట్లాంటిది కావాలి?" అన్నాడు దుకాణదారు.

"చిన్నది. చొక్కా జేబులో దాగిపోవాలి."

"ఇదిగో, తాళాలకి తగిలించుకునేది."

"వెలుగు చాలా దూరం పోవాలి."

"అయితే ఇది. ఆరు బ్యాటరీలు. కుక్కని కొట్టడానికి కూడా పనికొస్తది."

"అంతది పట్టుకుంటే భయపడుతున్నానని అందరికీ తెలిసిపోదూ?"

"ఎవరంటే భయం?"

"ఎవరన్నా లేదు. చిన్నదే కావాలి, కానీ దూరం పోవాలి."

"ఎంత దూరం?"

ఏమని చెప్పను? దయ్యం నన్ను చూసేలోపు నేను దాన్ని చూసేంత దూరం. "అర మైలు" అన్నాను.

ఆయన నన్ను వెనక గోదాములోకి తీసుకెళ్ళి తలుపు మూశాడు. పిండి బస్తాల మధ్య కటిక చీకటి. కొనకముందే పారిపోదామనిపించింది. ఆయన ఒక వేలెడు టార్చి వెలిగించి దాని తల కొంచెం తిప్పాడు. వెలుగు సన్నబడి, సూదిలా దూసుకుపోయి, అవతలి గోడ మీద క్యాలెండరులో లక్ష్మీదేవి ముక్కుపుడక మీద ఆగింది.

"రాళ్ళెన్ని?" అన్నాడు.

"మూడు" అన్నాను, భక్తితో.

వెలుగుకి రెండు కొసలుంటాయని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ సాయంత్రం పట్టాల మీద తూము దగ్గర నిలబడి దాన్ని వెలిగించాను. వెలుగు పట్టాల వెంట పరుగెత్తి ఎక్కడికో వెళ్ళిపోయింది. చెయ్యి వణుకుతోంది కాబట్టి అది అటూ ఇటూ ఊగింది. పట్టాల మీద అటూ ఇటూ ఊగే దీపానికి ఒకటే అర్థం: ముందు ప్రమాదం, బండి ఆపు. ఆ సంగతి పెద్దనాన్న ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. గుమాస్తాకి తెలీదు. దూరంగా ఎక్కడో ఇంజను కూత వినబడగానే టార్చి ఆర్పి, చెరకులోని అడ్డదారిన ఇంటికి లగెత్తాను.

గంటన్నర తర్వాత పెద్దనాన్న వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, తూము కాడ లైన్ మీద బత్తీ కనపడింది. ఇట్లా ఇట్లా ఊగింది. బ్రేక్ కొట్టినాను. దిగి చూస్తే కోయి నహీ! ఎవడూ లేడు!"

"ఎంత ఎత్తు ఉండాది?" అంది అవ్వ.

"కొబ్బరిచెట్టంత."

"కొరివి దయ్యమే" అంది అవ్వ. ఫైలు మూసేసింది.

మీకు ఇప్పటికే అంతా అర్థమైపోయి ఉంటుంది. నాకు మరో వారం పట్టింది. నా జేబులో ఉన్నది వేలెడు, ఆయన చూసింది కొబ్బరిచెట్టంత. ఆ రెంటినీ కలిపే తెలివి భయంలో ఎక్కడినుంచి వస్తుంది? పైగా, నేను నిలబడిన తూము దగ్గరే నాకంటే కాస్త ముందో వెనకో దయ్యం నిలబడిందని తెలిసి నాకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గగానే కొత్త బ్యాటరీలు కొన్నాను.

కొత్త బ్యాటరీల సాయంత్రం రైలు రెండోసారి ఆగింది. ఈసారి మిల్లు ఓవర్సియరు పెద్దనాన్నను పిలిపించాడు. ఆయన ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డాడు.

"ఓవర్సియర్ కా బోలిస్, ఏమన్నాడో తెలుసా? యంగోనా తాగిన మత్తులో బండి ఎక్కుతున్నావా అన్నాడు. ఇంకొకసారి ఊరికే ఆపినావంటే సీటు దిగి యార్డ్ ఊడ్చుకో అన్నాడు."

"మళ్ళీ కనపడితే ఏం చేస్తావు పెద్దనాన్నా?" అన్నాను, పళ్ళు టకటకలాడుతుండగా.

"ఆపను. తొక్కించుకోని పోతాను."

"శభాష్!" అన్నాను. దేవుడి సాక్షిగా ఆ మాట అన్నది నేనే.

ఆ తర్వాత మూడో సాయంత్రం బస్సు ఆలస్యమైంది. అడ్డదారిలో ఎవరో కుక్కల్ని వదిలారు కాబట్టి మొత్తం మైలూ పట్టాల మీదే నడవాలి. చెరకులో ఏదో గరగరమంది. వెలుగు చూస్తే దయ్యం దూరం జరుగుతుందేమోనని టార్చిని కుడికీ ఎడమకీ, ఎడమకీ కుడికీ, హారతిచ్చినట్టు ఊపుకుంటూ నడిచాను. తూము దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా మలుపు దగ్గర ఇంజను దీపం కనబడింది. హమ్మయ్య, మా పెద్దనాన్న! ఇంకా గట్టిగా ఊపాను.

కూత వినబడింది. ఆగని కూత. దాని మీదుగా ఆయన అరుపు:

"జై హనుమాన్! పో, కొరివి దయ్యమా, పో!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడానికైనా కొంత తెలివి కావాలి. నేను దయ్యం ఎక్కడుందా అని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. పట్టాలు, చెరకు, చీకటి. అటూ ఇటూ ఊగుతున్నది నా చేతిలోది ఒక్కటే. అప్పుడు పుట్టిన చలి నాకు ఇప్పటికీ గుర్తుంది. దయ్యం లేదని తెలిసినప్పుడు ఇంత భయం వేస్తుందని ఎవరూ చెప్పరు.

కాలు కదపబోతే చెప్పు పట్టా పక్కన కంకరలో ఇరుక్కుంది. నేల అదురుతోంది. కాలు లాక్కుని, వినకూడని కేక ఒకటి పెట్టి, మురుగు కాలవలోకి దూకాను. నా తల పక్కనుంచి చెరకు బళ్ళు వరసగా వెళ్ళాయి. ఎన్నో నాకు తెలీదు. కళ్ళు మూసుకున్నాను. టార్చి ఎక్కడో నీళ్ళలో మునిగి, చాలాసేపు అడుగున వెలుగుతూనే ఉండి, ఆరిపోయింది.

బురదతో, ఒంటి చెప్పుతో దొడ్డిదారిన ఇంట్లోకి దూరాను. నోరు విప్పితే పెద్దనాన్న సీటు ఏమవుతుందో, ఆయన నన్నేం చేస్తాడో తెలీక నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

ఆ రాత్రి మిల్లు దగ్గరే ఉండిపోయిన ఆయన, తెల్లారి తూము దగ్గరికి వెళ్ళాడు. కాసేపటికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నేను రొట్టె తింటున్నాను. నా ఎదురుగా నిలబడి, తల నుంచి కాళ్ళ దాకా చూసి, మెట్టు మీద కూర్చుని నీళ్ళడిగాడు.

"ఎన్ని రొట్టెలు తింటావురా! తినేసి ఆఫీసుకి పో!" అని అకారణంగా కసిరాడు.

తర్వాత కండువాలో చుట్టి తెచ్చిన దాన్ని బయటికి తీశాడు. నా ఎడమకాలి చెప్పు. లౌటోకాలో సగంమంది మగాళ్ళు తొడుక్కునే రకమే గనక ఎవరూ పోల్చలేదు. అవ్వ మాత్రం ఒకటే అడిగింది.

"దయ్యం నీకు ఎదురొచ్చింది కదా. చెప్పు ఎటు తిరిగుండాది?"

"అటు, ఎనక్కి. మడమ నా బండి వైపు."

"చూసినారా? కాళ్ళు ఎనక్కి!"

ఊరు ఒప్పేసుకుంది. దయ్యాన్ని ఇంజనుతో తొక్కించిన డ్రైవరుగా పెద్దనాన్న రిటైరయ్యేదాకా ఆ సీటులోనే కూర్చున్నాడు. చెప్పు పసుపు పూయించుకుని ఇనప్పెట్టెలోకి వెళ్ళింది.

పోయిన నెల ఆయన ఎనభయ్యో పుట్టినరోజున మనవలకి ఆ చెప్పు తీసి చూపించాడు. వాళ్ళు భయంతో కెవ్వుమని పరుగెత్తాక, నేను పక్కన కూర్చున్నాను.

"పెద్దనాన్నా, ఆ దయ్యం నేనే."

"తెలుసు" అన్నాడు ఆయన, చెప్పుకి గుడ్డ చుడుతూ. "ఆ చెప్పులు నీకు కొనిచ్చింది నేనే కదరా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"దయ్యాన్ని తొక్కించినానని చెప్తే నాకు నిద్ర పట్టేది. నిన్ను తొక్కించబోయినానని చెప్పుకుంటే పట్టేదా?" గుడ్డ కొస ముడేశాడు. "తూము కాడ ఆ చెప్పు చూసి, కాలవలో నీ కోసం ఎతికినానురా. చేతులతో. మీ నాన్నకి ఏం చెప్పాలా అనుకుంటా ఎతికినాను."

పొలాల అవతల ఏ రైలూ కూయలేదు. నాకు మాత్రం వినబడింది.

కాబట్టి, పసుపు పూసిన ఆ చెప్పు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నా ధైర్యం కంటే ఎక్కువ దూరం పోయే టార్చి ఈ జన్మలో మళ్ళీ కొనను. ఇప్పుడు నా దగ్గరున్నది రెండడుగుల మేర మాత్రమే వెలుగుతుంది. నా పాదాలు ముందుకే ఉన్నాయో లేదో చూసుకోవడానికి అది చాలు.