దేవప్ప మైకులో అన్న మాట

నారాయణఖేడ్‌లో దేవప్పను ఎరగని మనిషి లేడు. పెళ్లికి టెంటు కావాలన్నా, జాతరకు మైకు కావాలన్నా, దినాలకు కుర్చీలు కావాలన్నా అతని దుకాణానికే పోవాలి. అయితే ఊరు అతన్ని గుర్తుపెట్టుకున్నది టెంట్ల వల్ల కాదు, ఒక సినిమా వల్ల. ముప్పై ఏళ్ల కింద కంగ్టి నుంచి వచ్చి వీసీఆర్ కిరాయికి తిప్పుతున్న రోజుల్లో, ఒక పాత కబడ్డీ సినిమా క్యాసెట్ అతని చేతికి చిక్కింది. చేతకాని ఏడుగురు జట్టు కట్టి, ఓడీ ఓడీ చివరికి ఎట్లాగో గెలిచే కథ. అంతకు మించి అందులో ఏమీ లేదు. కానీ పొట్ట పట్టుకుని నవ్వకుండా ఒక్కడైనా లేచి వెళ్లిన దాఖలా లేదు.

క్యాసెట్ పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, సినిమా మాత్రం పోలేదు. దసరా తర్వాత జరిగే కబడ్డీ పోటీలకు ముందురోజు మధ్యాహ్నం దేవప్ప టెంటులో తెర కట్టాలి, ఆడేవాళ్లంతా కూర్చుని చూడాలి. చూడకుండా మైదానంలోకి దిగితే ఓడిపోతామని వాళ్ల పిచ్చి నమ్మకం. తెర మీది మనిషి నోరు తెరిచేలోపే ముసలివాళ్లు మాట అందిస్తారు, పిల్లలు వాళ్లకంటే ముందు అందిస్తారు. అయినా అందరూ నవ్వుతారు. ఏం మందు కలిపి తీశాడో ఆ మహానుభావుడు!

అందులో ఒక సీను ఉంది. జట్టులోని బొద్దు వంటవాడు కూతకు పోయి, ఎదుటివాళ్లందరి కింద నలిగి, కదలకుండా పడిపోతాడు. చచ్చాడనుకుని అందరూ గుండెలు బాదుకుంటారు. తీరా చూస్తే గురక. అప్పుడు కెప్టెన్ నడుం మీద చేతులు పెట్టుకుని, "గుమ్మడికాయ నిద్రపోయింది, దొర్లించండ్రా" అంటాడు. నలుగురు కలిసి వాణ్ని నడిగీత దాటిస్తారు. ఖేడ్‌లో ఇది ఆటలోకే ఎక్కేసింది. ఎవడైనా కూతకు పోయి పడి లేవకపోతే, ఈల మోగాక దేవప్ప మైకులో ఆ మాట అనాలి, సొంత జట్టువాళ్లు వచ్చి వాణ్ని దొర్లించాలి. దానికి పాయింటూ లేదు, పాడూ లేదు, ఉత్త నవ్వులాట. నవ్వించడం కోసమే కళ్లు మూసుకుని పడుకునేవాళ్లు కొందరు. దేవప్ప కొడుకు దత్తు అందులో అందరికంటే మొనగాడు.

ఆ దత్తు ఒక వానాకాలంలో బండి మీద నుంచి పడ్డాడు. ఇరవై నాలుగేళ్ల పిల్లగాడు. సంగారెడ్డి డాక్టరు ఫొటోలు తీయించి చూసి, మెడపూస జరిగిందన్నాడు. "కబడ్డీ బంద్ చెయ్యి. ఇంకో దెబ్బ తాకిందంటే కాళ్లు చేతులు పోతయ్" అని దేవప్ప ఎదుటే చెప్పాడు. రెండు నెలలు మెడకు పట్టీ. పట్టీ తీసిన రోజు నుంచి తల్లి నీలమ్మకు కంటిమీద కునుకు లేదు. పోటీలు దగ్గరపడేకొద్దీ ఆమె దేవప్ప మొహం వంకే చూసేది.

అనుకున్నంతా అయింది. జట్టు కెప్టెన్ ప్రతాప్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "మామా, మనిషి తక్కువున్నడు. రేపు కల్హేరోళ్లతోని ఒక్క ఆటనే. దత్తును పంపియ్యి."

అతను పోయాక నీలమ్మ, "నువ్వు వద్దనయ్యా. నువ్వంటెనే వాడింటడు" అంది.

"అంట తియ్. సినిమా అయినంక అంట."

ఆ మాట అప్పుడే అనేసి ఉంటే ఎంత బాగుండేది. సినిమా మొదలైంది. దత్తు తండ్రి పక్కనే కూర్చుని, తండ్రి తొడ మీద చరుస్తూ నవ్వాడు. వానాకాలం తర్వాత వాడు నవ్వడం అదే మొదలు. దేవప్ప తెర చూడడం మానేసి కొడుకునే చూశాడు. సినిమా అయిపోయింది. "నాయినా, ఒక్క ఆట" అన్నాడు దత్తు. టెంటు నిండా జనం ఇంకా నవ్వు తుడుచుకుంటున్నారు. అంత నవ్వు మధ్య వద్దనే మాట దేవప్పకు నోట రాలేదు.

"ఒక్కటే. కూతకు పోకు, ఎనకాల నిలవడు."

నీలమ్మకు ఆ సంగతి తెలిసింది. మర్నాడు పొద్దున్నే బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకుని పసుపుగుడ్డలో ముడుపు కట్టింది. దేవప్పతో మాత్రం మాట్లాడలేదు.

ఆ రోజు మబ్బు పట్టింది. ఉక్కపోత. దేవప్ప మైకు పట్టుకుని గీత పక్కన కూర్చున్నాడు. దత్తు పక్కకు ఒరిగినప్పుడల్లా చెబుతున్న పాయింట్ల లెక్క తప్పుతున్నాడు. ఆట ముగియడానికి రెండు నిమిషాలున్నాయి, ఖేడ్ ఒక్క పాయింటు వెనకబడింది. అప్పుడు దత్తు తండ్రి చెప్పింది మరిచి, గీత దాటి కూతకు పోయాడు. మైకు దేవప్ప చేతిలోనే ఉంది. ఆగు బిడ్డా అని ఒక్క మాట అనొచ్చు. ఊరంతా వింటుందని సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గు తగలబడ.

దత్తు ఒకణ్ని ముట్టి వెనక్కి తిరిగాడు. ముగ్గురు ఒకేసారి పైన పడ్డారు. తల నేలకు తాకింది. ఈల మోగింది. అందరూ లేచారు, దత్తు లేవలేదు.

దేవప్ప కుర్చీలోంచి లేచాడు. మెడ సాచి చూశాడు. కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరిచి, ఏటేటా పడుకున్నట్టే పడుకున్నాడు కొడుకు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత మైదానమంతా నవ్వింది. ఓరి దొంగనాకొడకా, బాగానే ఉన్నావా అనుకున్నాడు దేవప్ప. రెండు రోజులుగా బిగబట్టిన భయమంతా ఒక్కసారి వదిలి, అందరికంటే గట్టిగా నవ్వాడు.

"గుమ్మడికాయ నిద్రపోయింది, దొర్లించండ్రా."

ప్రతాప్, మరో ముగ్గురు వచ్చి దొర్లించారు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి ఒళ్లు తిరిగింది, తల తిరగలేదు. ప్రతాప్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. దేవప్ప నవ్వు నాలుగు లౌడ్‌స్పీకర్లలో ఇంకా కాసేపు వినిపించింది.

దవాఖానలో డాక్టరు అడిగాడు: "పడ్డంక ఎవరన్నా కదిలించిండ్రా?"

ప్రతాప్ తల దించుకున్నాడు. "నేనే చెప్పిన, దొర్లియ్యుమని" అన్నాడు దేవప్ప. డాక్టరు తలెత్తి చూసి, మళ్లీ కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఏడాది గడిచింది. దత్తుకు మెడ కింద ఏదీ కదలదు. ఈ దసరాకు సినిమా అడగడానికి ఎవరూ దుకాణం మెట్లెక్కలేదు. దేవప్ప ఆ పెన్‌డ్రైవును టెంటు గుడ్డల అడుగున పడేశాడు. ఒక పొద్దున మంచం మీద నుంచి దత్తే అడిగాడు.

"నాయినా, సినిమా పెట్టు."

"ఎందుకురా అది."

"నవ్వాలనిపిస్తుంది. పెట్టు."

పెట్టాడు. వంటవాడు పడిపోయే సీను రాగానే దేవప్ప రిమోట్ అందుకున్నాడు. "ఆపకు" అన్నాడు దత్తు. నవ్వాడు. నవ్వీ నవ్వీ నీళ్లు చెవుల్లోకి కారితే తండ్రే తుడిచాడు.

"నాయినా, గా దినం నేను పడ్డప్పుడు నువ్వు గూడ నవ్వినవ్ గద."

దేవప్ప రిమోట్ మంచం మీద పెట్టాడు. "నవ్విన బిడ్డా."

"ఇనవడ్డది. దొర్లియ్యొద్దని చెప్పబోయిన, నోరు రాలే." దత్తు తెర మీది నుంచి కళ్లు తిప్పలేదు. కొంతసేపటికి, "జర ఎనకకు తిప్పు. గా సీను ఇంకోసారి చూస్త" అన్నాడు.

దేవప్ప వెనక్కి తిప్పాడు.